అమ్మను

ఏసీ చలికి అచ్చాయమ్మ కొంగు నిండుగా కప్పుకుంది. కప్పుకున్న కొంగు అంచును అలవాటు చొప్పున బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలుపుతూ కూర్చుంది. డెబ్బై తొమ్మిదేళ్లొచ్చినా ఆ వేళ్లకు విశ్రాంతి లేదు. గుడ్డ తగిలితే చాలు, నూలెంత, కల్తీ ఎంత అని అడిగేస్తాయి. ఇందాక లోపలికొచ్చేటప్పుడు తలుపు దగ్గర వేలాడే ఎర్ర తెరను కూడా అవి వదల్లేదు. పైకి మఖమల్‌లా మెరుస్తోంది గానీ ఉత్త పాలియెస్టరు. పర్వాలేదు, కొన్నవాడు తెలివైనవాడే, దూరం నుంచి చూసేవాళ్లకు అది మఖమలే. ముందు వరసలో బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. తెల్లగడ్డం ఉన్నాయన వీరబ్రహ్మంగారు, దుర్గకు మూడేళ్లు పాఠం చెప్పిన మాస్టారు. మాట మెత్తన, చూపు గట్టి, ఉతికినకొద్దీ నాణ్యం తేలే నేత లాంటి మనిషి. ఆయన పక్కన ఢిల్లీ నుంచి పరీక్ష చెయ్యడానికొచ్చిన పెద్దావిడ, జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది, బూడిదరంగు నూలు చీర కట్టింది. ఆ చీర విలువ తెలిసినవాళ్లకే తెలుస్తుంది. ఈవిడ బేరమాడే రకం కాదు, నచ్చకపోతే మాటైనా అనకుండా కొట్టు దిగి వెళ్లిపోతుంది. మూడో ఆయన కళ్లు మూసుకుని ఉన్నాడు, ఆయన్ని పట్టించుకోనక్కర్లేదు. వాళ్లకెదురుగా మైకు ముందు నిలబడి మనవరాలు శ్రీదుర్గ ఇంగ్లీషులో మాట్లాడుతోంది. అచ్చాయమ్మకు అందులో ఒక్క ముక్క తెలియదు. తెలియకపోయినా చెవి రిక్కించే ఉంది, ఎందుకంటే ఆ ఇంగ్లీషు ఎక్కడో ఒకచోట ఒక కాగితం దగ్గరికి వచ్చి ఆగుతుంది. ఆ కాగితంలో ఏముందో దుర్గకు తెలుసు, బల్ల వెనక వాళ్లకు తెలుసు. ఆ కాగితం చూపించి నలభై ఎనిమిదేళ్ల కిందట రామచంద్రపురంలో బట్టల కొట్టు నిలబెట్టుకున్న తనకు మాత్రం తెలియదు.

పక్క కుర్చీలో కొడుకు శివరామకృష్ణ వాచీ చూసుకున్నాడు. చూసుకుని, ఇంకెంతసేపమ్మా అన్నట్టు మొహం పెట్టాడు. ఉండరా, పిల్ల మాట్లాడుతోంది. నీకు మొదటి నుంచీ ఈ చదువంటే తొందరే, తొందరగా వద్దనెయ్యడం, తొందరగా అయిపోతే బాగుండుననుకోవడం. మూడేళ్ల కిందట పేపర్లో ప్రకటన చూపించి దుర్గ ఈ యూనివర్సిటీలో చేరతానంటే వీడన్న మాట తనకింకా గుర్తుంది. మన వీధిలో ఇంటికో ఇంజనీరింగు పిల్ల ఉంది, నువ్వు బీఏ అంటే నేను కొట్లో తలెత్తుకు కూర్చోవాలా వద్దా, అదీ మామూలు బీఏ కాదట, ఇంటర్నేషనల్ స్టడీసట, హైవే పక్కన చెరుకుతోటలు కొట్టేసి నిన్నగాక మొన్న కట్టిన ప్రైవేటు కాలేజీలోనట. కాలేజీ కాదు నాన్నా, యూనివర్సిటీ అంది దుర్గ. ఏదో ఒకటి అన్నాడు వీడు. అప్పుడు తను కొట్లో కూర్చుని ఉప్పాడ నుంచి వచ్చిన చీరలు తిరగేసి చూస్తోంది. ఉప్పాడ జాందానీ తిరగేసినా అదే పువ్వు కనిపించాలి, వెనక దారాలు వేలాడితే అది ఉప్పాడ కాదు. తిరగేస్తూనే అడిగింది, అందులో ఏం చెబుతారే అమ్మడూ అని. దేశానికీ దేశానికీ హద్దులెలా పడ్డాయో, వాటి మధ్య ఒప్పందాలెలా జరుగుతాయో, ఎవరు మాట నిలబెట్టుకున్నారో ఎవరు తప్పారో, అవన్నీ మామ్మా. అంటే బేరాలన్నమాట. ఆ, బేరాలే అనుకో, ఒక విదేశీ భాష కూడా నేర్పుతారు. ఏ భాష. ఫ్రెంచి అంది దుర్గ. చీర తిరగేస్తున్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆగిన సంగతి ఎవరూ చూడలేదు, చూడనిచ్చే మనిషి కాదు తను. శివా, ఈ వీధిలో ఏడు బట్టల కొట్లున్నాయి, ఏడింటిలోనూ ఒకే రకం సరుకు పెడితే ఏం జరుగుతుందిరా, అంది. ఏం జరుగుతుంది, ఎవరి సరుకూ కదలదు. ఊరంతా ఒకే చదువు కొంటున్నప్పుడు మనం లేని రకం తెద్దాం, దాన్ని చేర్పించు. వాడు చేర్పించాడు. ఎందుకంత గట్టిగా చెప్పిందో వాడికి ఈ రోజుకీ తెలియదు.

ఇంటర్నేషనల్ అన్న మాట పలకడం వీధిలో ఎవరి వల్లా కాలేదు. మొదటి సగం మాత్రం అందరికీ బాగా పట్టుబడింది. ఎదురింటి సంపూర్ణమ్మ ఆర్నెల్లు ఓపిక పట్టి ఒకరోజు రవికెగుడ్డ కొనే వంకతో వచ్చి కూర్చుంది. ఏమీ అనుకోకండి పిన్నిగారూ, మీ దుర్గ ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయిందని అప్పుడు స్వీట్లు పంచారు గదా, మళ్లీ ఇంటరే చదువుతోందంటున్నారేంటండీ, మార్కులు తప్పు వేశారా, అంది. ఇది వేరే ఇంటరమ్మా, పెద్ద ఇంటరు, అని తను సర్దిచెప్పింది. రెండో ఏడు మళ్లీ అడిగింది, ఇంకా ఇంటరేనాండీ. మూడో ఏడు అడగడం మానేసి జాలిగా చూడటం మొదలుపెట్టింది, గుడికెళ్తే దుర్గ పేరున కూడా అర్చన చేయించేది. పోన్లే, ఎవరి పుణ్యం వాళ్లది. దుర్గ శనివారం బస్సు దిగి వస్తే వీధి మొత్తం ఇంటర్ తప్పిన పిల్లను చూసినట్టు చూసేది. అదేమో నవ్వేది. నవ్వడం నా దగ్గరే నేర్చుకుంది, కొనకుండా పోయేవాళ్లను చూసి నేను నవ్వే నవ్వు.

మైకు దగ్గర యానాం అన్న మాట వినబడింది. ఇంగ్లీషు మధ్యలో ఆ ఒక్క మాట, అన్నంలో రాయిలా తగిలింది. దుర్గ వెనక తెర మీద వెలుగు మారి ఒక పటం వచ్చింది, గోదావరి పాయలు, సముద్రం, మధ్యలో గోరంత చోట ఎర్రరంగు. ఆ గోరంత చోటు ఫ్రెంచివాళ్లది అప్పుడు. చుట్టూ ఇంగ్లీషు దొరల రాజ్యం. ఈ రాజ్యంలో పద్నాలుగేళ్లు నిండని పిల్లకు పెళ్లి చేస్తే జరిమానా, జైలు. ఆ గోరంత చోట ఆ చట్టం లేదు. అందుకని చుట్టుపక్కల పెద్దింటివాళ్లందరూ బళ్లు కట్టుకుని పిల్లల్ని తీసుకుని అక్కడికెళ్లి మూడుముళ్లు వేయించుకుని సాయంత్రానికి తిరిగొచ్చేసేవాళ్లు. దానికి కల్యాణపురమని పేరు కూడా పెట్టుకున్నారు. తను వెళ్లింది తొమ్మిదో ఏట. యుద్ధమింకా మొదలవలేదు. రెండెడ్ల బండి, ద్రాక్షారం మీదుగా దారి, అడుగున గడ్డి, గడ్డి మీద జంపఖానా, జంపఖానా మీద అత్తయ్యలు, వాళ్ల మధ్య ఇరుక్కుని తను. బండి చక్రం గతుకులో పడినప్పుడల్లా ఇత్తడి బిందెలు గణగణమనేవి, బెల్లం బుట్ట నుంచి వాసన, చీమలు. ఎక్కడికి అంటే పెళ్లికి అన్నారు. ఎవరి పెళ్లి అంటే నవ్వారు. దుర్గ ఈ మధ్య ఇంటికొచ్చి, మామ్మా నువ్వు నాకంటే ముందే ఫారిన్ వెళ్లొచ్చావు తెలుసా, అంది. పాస్‌పోర్టు లేకుండా వెళ్లానే, అంది తను. కాగితం ఉంది కదా, అంది దుర్గ.

ఆ కాగితం. అరచేతిలో సగం ఉంటుంది, పసుపెక్కిపోయింది, మూలన గుండ్రటి నల్లముద్ర, సిరాతో నాలుగైదు పంక్తులు, తీగలు పాకినట్టు రాత. కాపురానికి పంపేటప్పుడు నాన్న ఇచ్చాడు, సర్కారు ముద్ర ఉందమ్మా, ఎందుకైనా మంచిది దాచుకో అని. ఆయనకూ అందులో ఏముందో తెలియదు. పెళ్లినాడు యానాంలో ఇచ్చారు కాబట్టి పెళ్లి కాగితమే అనుకున్నాడు. తను పెళ్లి పట్టుచీర మడతలో పెట్టి మరిచిపోయింది. మరిచిపోయిన వస్తువు మళ్లీ బయటికి తియ్యాల్సొచ్చిన రోజు ఉంది, ఆ రోజును మాత్రం మరిచిపోలేదు. కట్టుకున్నాయన పోయి పదమూడో రోజు. విషజ్వరం, వారం తిరక్కుండా తీసుకెళ్లిపోయింది, తనకు ముప్పై ఒకటి, శివకు ఏడు. బావగారు వెంకన్న పెద్దమనుషులను పిలిపించి చావిట్లో కూర్చోబెట్టాడు. తమ్ముడి కొట్టు ఇక నేను చూసుకుంటానన్నాడు. తను తలుపు చాటు నుంచే, మేమున్నాం కదండీ అంది. అప్పుడతను పెద్దమనుషుల వైపు తిరిగి, తనతో కాకుండా వాళ్లతో చెప్పాడు. ఆ పెళ్లి ఎక్కడ జరిగింది, ఎవరి రాజ్యంలో జరిగింది, చట్టానికి దడిచి పరాయి గడ్డ మీద దొంగతనంగా కట్టిన తాళి అది, ఇక్కడెలా చెల్లుతుంది, ఆ ఫ్రెంచివాళ్లే మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు, వాళ్ల గడ్డ మీద చేసిన పెళ్లిళ్లూ వాళ్లతోటే పోయాయి. చావిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు లేకపోతే తను ఏడ్చి ఊరుకునేదేమో. నవ్విందెవరో ఇప్పటికీ తెలియదు గానీ, నాయనా, నువ్వు ఏ లోకంలో ఉన్నా చల్లగా ఉండు, నీ నవ్వే నన్ను లేపి నిలబెట్టింది.

లోపలికెళ్లింది, పెట్టె తీసింది, పట్టుచీర మడత విప్పింది. కాగితం తెచ్చి పెద్దమనుషుల మధ్యలో గజంబద్ద బరువు పెట్టి పరిచింది. బావగారూ, ఇది ఫ్రెంచి సర్కారు వారు మా పెళ్లినాడు ముద్ర వేసి ఇచ్చిన కాగితం, చదవగలిగినవాళ్లు చదవండి, అంది. అంతే. పెళ్లి కాగితమని అనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చినా మింగేసింది, ఎందుకంటే తెలియని సరుకుకు పేరు పెట్టి అమ్మకూడదు, రేపు తేడా వస్తే మాట పోతుంది. పెళ్లినాడు ఇచ్చిన కాగితం, అంతవరకే. కరణంగారు కళ్లజోడు పెట్టుకుని కాగితం చేతిలోకి తీసుకున్నారు. దగ్గరగా చూశారు, దూరంగా పెట్టి చూశారు, ముద్రను గోటితో తడిమారు, పెదాలు కదిలించారు. చూస్తున్న తనకు అప్పుడర్థమైంది, ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నారని, ముద్ర కింద మూలన ఉండాల్సింది పై మూలన ఉందని. నోరెత్తలేదు. కరణంగారు గొంతు సవరించుకుని, దస్తావేజు సక్రమంగానే ఉంది వెంకన్నా, ఫ్రెంచివాళ్లు ఇలాంటి విషయాల్లో బహు ఖచ్చితం, అన్నారు. ఈ తాలూకాలో తాము చదవలేని కాగితం ఒకటుందని ఒప్పుకోలేకపోయారు మహానుభావులు. పక్కన కూర్చున్నవాళ్లు అవునవునన్నారు. వెంకన్న లేచి వెళ్లిపోయాడు. తెల్లారి తను కొట్టు తలుపులు తీసింది. ఆ తలుపులు ఇంతవరకు మళ్లీ మూతపడలేదు. అందులోంచే శివ చదువు, పెళ్లి, ఇల్లు, దుర్గ, దుర్గ ఫ్రెంచి, ఈ కుర్చీ, ఈ చలి. అన్నీ ఆ తలకిందుల కాగితంలోంచే.

మరి చదివించుకోవచ్చు కదా. యానాం ఎంత దూరం, అక్కడ ఫ్రెంచి వచ్చినవాళ్లు అరుగుకొకరున్నారు ఆ రోజుల్లో, పింఛను తీసుకునే ముసలాళ్లు, అడిగితే క్షణంలో చెప్పేవాళ్లు. వెళ్లలేదు. విప్పని మూటకున్న గౌరవం విప్పిన మూటకుండదని కొట్లో కూర్చునేవాళ్లందరికీ తెలుసు. విప్పనంత కాలం అందులో ఏదైనా ఉండొచ్చు, పట్టు ఉండొచ్చు, జరీ ఉండొచ్చు. విప్పాక చిరుగులు కనబడితే మళ్లీ కట్టలేం. అలా ఏళ్లు గడిచాయి. కరణంగారు పోయారు, వెంకన్న పోయాడు, పోయేముందు మంచంలోంచి చెయ్యి పట్టుకుని నువ్వు గట్టిదానివి అచ్చాయమ్మా అన్నాడు పాపం. భయపడాల్సినవాళ్లెవరూ మిగల్లేదు. అప్పుడు మొదలైంది వేరే భయం. ఎవరినీ కొలతలో మోసం చెయ్యని మనిషినని వీధి మొత్తం అంటుంది. అందరి గజమూ కొలిచాను, నా గజం కొలిచిందెవరు. ఆ కాగితంలో ఏదో పిచ్చిరాత ఉంటే, సంతపన్ను చీటీయో ఆవు తప్పిపోయిన ఫిర్యాదో అయితే, నేను నిలబడ్డ నేలంతా బొంకేనా. ఫ్రెంచి అన్న మాట దుర్గ నోట వినగానే చెయ్యి ఆగింది అందుకు. పరాయివాళ్ల నోట వినలేను గానీ దాని నోట వినగలను. అయినా వెంటనే ఇవ్వలేదు. మొదటి ఏడు ఒక సబ్బుపెట్టె మీద ఫ్రెంచి రాతలు చూపించి చదవమంది, దుర్గ తడబడింది. రెండో ఏడు అదే పెట్టె చదివి, మామ్మా ఇది గులాబీ సబ్బు కాదు, గులాబీ వాసన వేసిన సబ్బు, అంది. ఆ తేడా చెప్పగలిగిందంటే పిల్ల తయారైంది. మూడో ఏడు, తన పరిశోధనకు యానాం పెళ్లిళ్ల గురించి రాస్తానని దుర్గే వచ్చి అడిగినప్పుడు, పట్టుచీర మడత విప్పింది, చావిట్లో జరిగిందీ చెప్పింది.

దుర్గ కాగితం చదివింది. కళ్లు ఒక్కొక్క పంక్తీ దాటుతుంటే తను దాని మొహం చూస్తూ కూర్చుంది. ఎంతమంది మొహాలు చదివింది ఈ బతుకులో, కొనేవాళ్లెవరో కాలక్షేపానికి వచ్చినవాళ్లెవరో మెట్టెక్కకముందే చెప్పేది, కడుపున పుట్టినవాడి కూతురి మొహం మాత్రం చదవలేకపోయింది. చదివాక దుర్గ కాగితాన్ని పాత మడతల మీదే మడిచింది. తర్వాత, మామ్మా, ఏప్రిల్లో మా యూనివర్సిటీలో దీని మీద మాట్లాడతాను, నువ్వు రా, అక్కడ చెబుతాను, అంది. ఇప్పుడు చెబితే ఏం. ఇప్పుడు చెబితే నువ్వు రావు. ఒసేయ్, నాకే సరుకు దాస్తున్నావా. నువ్వే కదా నేర్పావు, కొట్టు దాకా రప్పించుకోవాలంటే మంచి రకం పై అరలో పెట్టాలని. అప్పట్నుంచి రెండు నెలలు పీడకలలా గడిచాయి. ఇవాళ పొద్దున్న రాజమండ్రి దాకా కారులో వస్తూ, కాలవ పక్క వరికోతలు చూస్తూ, వద్దులే వెనక్కి పోదాం శివా అనబోయి మూడుసార్లు మానుకుంది. వచ్చాక లోపల ఎర్రతెర, చలి, ఇంగ్లీషు. దుర్గకు తనే కట్టింది ఈ చీర, వంగపండు రంగు ఉప్పాడ, తిరగేసినా అదే పువ్వు. ఎటు తిప్పి చూసినా ఒకేలా ఉండాలే అమ్మడూ అని చెప్పి మరీ కట్టింది. చెప్పిన తను మాత్రం తిరగేస్తే ఎలా కనబడుతుందో.

తెర మీద మళ్లీ వెలుగు మారింది. ఈసారి కాగితం. అరచేతిలో సగం ఉండేది, గోడంత అయి నిలబడింది, పసుపు మరకలు, మడతలు, ముద్ర, తీగల రాత. శివ ముందుకు వంగాడు. ఢిల్లీ ఆవిడ కళ్లజోడు పైకి తోసుకుంది. కళ్లు మూసుకున్నాయన కూడా తెరిచాడు, చూడు, ఆయనా లేచాడు. దుర్గ ఇంగ్లీషులో రెండు మాటలు చెప్పి ఆగింది. బల్ల వైపు తిరిగి ఏదో అడిగింది. వీరబ్రహ్మంగారు తలూపారు, ఢిల్లీ ఆవిడా తలూపింది. దుర్గ మైకు వదిలేసి రెండడుగులు ముందుకొచ్చింది. ఇప్పుడు తెలుగులో చెబుతాను, ఈ కాగితం ఎవరిదో వాళ్లు ఇక్కడే ఉన్నారు, మా మామ్మ, ముందు ఆవిడకు చెప్పడం న్యాయం, అంది. హాల్లో తలలన్నీ తిరిగాయి. అచ్చాయమ్మ వేళ్లు కొంగు అంచు వదిలేశాయి.

"మామ్మా, ఇది పెళ్లి సర్టిఫికెట్ కాదు."

అయిపోయింది. అంతే. నలభై ఎనిమిదేళ్లు. పక్కన శివ తన వైపు చూడటం తెలుస్తోంది, వాడి వైపు తిరగలేకపోయింది. వాడికేం చెప్పాలి, ఒరే నాన్నా, నేనెప్పుడూ పెళ్లి కాగితమని అనలేదురా, పెళ్లినాడు ఇచ్చిందని మాత్రమే అన్నాను, మాట తప్పలేదు, అని చెప్పాలా. నిజమే గానీ ఎంత చిన్న నిజం.

"ఇది సరిహద్దు చౌకీలో ఇచ్చిన చీటీ," దుర్గ నెమ్మదిగా చెబుతోంది. "యానాంలో వస్తువులకు సుంకం లేదు కదా, అందుకని అక్కడ కొని ఇటు తెచ్చేవాళ్లని తిరుగుదారిలో ఆపేవాళ్లు. పెళ్లివాళ్లు తిరిగి పట్టుకెళ్లేది తమతో తెచ్చుకున్న సామానేనని చూపించుకోవడానికి లోపలికొచ్చేటప్పుడే ఈ చీటీ రాసిచ్చారు. చదువుతాను విను. ఇంజరం దారిన బండిలో వచ్చిన వర్తకుడి కుమార్తె అచ్చాయమ్మ, వయసు సుమారు తొమ్మిది, ఈ రోజు జరగబోయే ఆమె వివాహం నిమిత్తం. చిన్న పట్టుచీర ఒకటి. ఇత్తడి బిందెలు రెండు. బెల్లం బుట్ట ఒకటి."

ఆమె వివాహం నిమిత్తం. ఆ మాట దగ్గరే ఆగిపోయింది అచ్చాయమ్మ. ఉంది. పెళ్లి ఉంది అందులో. పేరుంది, నాన్న ఉన్నాడు, వయసుంది, ఆ రోజుంది. దుర్గ ఇంకా చెబుతోంది, మరో సంగతి మామ్మా, ఆ చట్టం ప్రకారం పెళ్లి చేసినవాళ్లకే శిక్ష, పెళ్లి చెల్లకుండా పోదు, ఇక్కడ చేసినా చెల్లేదే, వెంకన్న తాతగారు ఆ రోజు ఉత్తినే బెదిరించారు. అంటే ఆయన చేతిలోనూ ఉత్త మూటే. ఆయనదీ విప్పని మూటే, నాదీ విప్పని మూటే, మధ్యలో కరణంగారు తలకిందులుగా. ఎంత చక్కని బేరం, అచ్చాయమ్మకు నవ్వొచ్చింది, నవ్వుతో పాటు కంట్లో నీళ్లూ వచ్చాయి, శివ జేబురుమాలు ఇచ్చాడు, అందులో సగం నూలే, సగం నైలాను.

"ఇంకో వస్తువుంది మామ్మా. చివరి పంక్తి. కొయ్యబొమ్మ ఒకటి. దాని పక్కన బ్రాకెట్లో రాశాడు, అమ్మకానికి కాదు అని. మిగతా వేటికీ అలా రాయలేదు. ఎందుకో నాకూ మా సార్‌కీ ఎంత ఆలోచించినా తెలియలేదు."

కొయ్యబొమ్మ. ఎక్కడుందిది ఇన్నేళ్లూ. బండి ఆగింది. ఎండ. చౌకీ ముందు తాటాకు పందిరి, బల్ల, బల్ల వెనక ఎర్రమొహం దొర, నెత్తి మీద తెల్ల టోపీ, మీసాల చివర చెమట. బిందెలు దింపారు, బుట్ట దింపారు, పట్టుచీర విప్పి చూశారు. నాన్న చేతులు కట్టుకు నిలబడ్డాడు, నాన్న అలా నిలబడటం అంతకుముందు చూడలేదు. దొర చూపు తన చంకలో బొమ్మ మీద పడింది. చెయ్యి చాచాడు. తను ఇవ్వలేదు. అత్తయ్య ఇచ్చెయ్యవే అని గిల్లింది, ఇవ్వలేదు. దొర నవ్వి తన భాషలో ఏదో అడిగాడు. పక్కన తలపాగా పెట్టుకుని నిలబడ్డ దుబాసీ వంగి, పాపా, దొరగారు అడుగుతున్నారు, ఈ బొమ్మకు నువ్వేమవుతావు, అమ్ముతావా ఏంటి, అన్నాడు. ఆ బొమ్మకు పొద్దున్నే నీళ్లు పోసింది, పేలికతో చీర కట్టింది, ఎవరి పెళ్లో తెలియని ఆ పెళ్లికి దాన్ని కూడా ముస్తాబు చేసి తెచ్చింది. ఆకలేస్తోందేమో దానికి. దాన్ని గుండెకు ఇంకా గట్టిగా అదుముకుని దుబాసీ మొహంలోకి చూసి ఒకటే మాట అంది. అమ్మను. నేను దీనికి అమ్మను. ఏమవుతావని అడిగాడుగా, అందుకు. అందులో దుబాసీకి వినబడింది వేరే. అతను దొర వైపు తిరిగి చెప్పాడు, దొర పకపకా నవ్వాడు, కలం తీసి రాశాడు. ఆ పూటే ఎవరో తన మెడలో మూడుముళ్లు వేశారు. బొమ్మ తిరుగుదారిలో బెల్లం బుట్టలో నిద్రపోయింది. తర్వాత ఏమైందో.

అయితే ఆ కాగితంలో తన మాట ఉందన్నమాట. నాన్న మాట కాదు, పెళ్లివారి మాట కాదు, తన మాట, అర్థం తప్పి రాసుకున్నా తనదే. అంత పెద్ద దొర, అంత సర్కారు, తొమ్మిదేళ్ల పిల్ల నోటి మాట విని ముద్ర కొట్టి ఇచ్చారు. ఆ దొర పేరు తెలియదు, ఆ దుబాసీ పేరు తెలియదు. ఆ నవ్వినవాడి పేరు తెలియదు. ఎంతమంది పేరు తెలియనివాళ్లు కలిసి మోశారు తనను, ఎంత దూరం మోశారు, తెలియదని ఒప్పుకోలేని కరణంగారితో సహా. వాళ్లందరినీ ఇన్నేళ్ల తర్వాత వరసగా పిలిచి తన ముందు నిలబెట్టింది ఈ పిల్ల, ఈ అర్థంకాని చదువు చదివి. మైకు దగ్గర దుర్గ నీళ్లు తాగుతోంది. సీసా మొత్తం ఒక్క గుక్కలో ఖాళీ చేసేసింది. అంటే అదీ భయపడిందన్నమాట తన కోసం. పిచ్చిది. మంచి రకం పై అరలోనే పెట్టావే అమ్మడూ.

చప్పట్లు కొట్టారు. ఢిల్లీ ఆవిడ ముందుగా లేచి, తిన్నగా అచ్చాయమ్మ దగ్గరికి వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఏదో అంది, ఇంగ్లీషో హిందీయో, తనకు తెలియక్కర్లేదు. ఆ చీర మాత్రం వేళ్లకు తగిలింది. అసలు సిసలు చేనేత, తను అనుకున్నదే. వెనకాల వీరబ్రహ్మంగారు వచ్చి దండం పెట్టారు. మీ అమ్మాయిని, అదే మీ మనవరాలిని, ఇక్కడితో ఆపకండి, పై చదువు చదివించండి, అన్నారు. చదివిస్తామండీ అన్నాడు శివ. అడక్కుండానే అన్నాడు, ఈ మూడేళ్లలో మొదటిసారి తొందరగా ఒప్పుకున్నాడు. దుర్గ వచ్చి పక్కన కుర్చీలో కూలబడి తల భుజానికి ఆనించింది.

"సంపూర్ణమ్మగారికి ఏం చెబుతావు మామ్మా?"

"మా పిల్ల ఇంటరు ఎట్టకేలకు గట్టెక్కిందమ్మా, నీ అర్చనల పుణ్యమే, అని చెబుతాను. సంతోషిస్తుంది పాపం."

వీరబ్రహ్మంగారు నవ్వి, ఇంకా ఏదో అడగాలన్నట్టు నిలబడ్డారు. మొహమాటస్తుడు. చివరికి అడిగారు. "అమ్మా, ఆ కాగితం మా లైబ్రరీలో భద్రంగా అద్దంలో పెడతామండీ. మీకిష్టమైతే యూనివర్సిటీ తరఫున మంచి ధరకు తీసుకునే ఏర్పాటు కూడా చేస్తాం. మీరు ఎంతంటే అంత."

శివ తన వైపు చూశాడు. నలభై ఎనిమిదేళ్లుగా వచ్చిన ప్రతి బేరానికీ బదులు ధర చెప్పిన మనిషి ఈసారి ఎంత చెబుతుందా అని చూశాడు. అచ్చాయమ్మ ఒడిలో చేతిసంచి తెరిచి చూసుకుంది. కాగితం ఉంది, పట్టుచీర ముక్కలో మడతపెట్టి. సంచి మూసి, భుజం మీద ఆనిన మనవరాలి తలను ఒక చేత్తో దగ్గరికి అదుముకుంది.

"అమ్మను," అంది.

మాస్టారు అర్థమైందన్నట్టు తలూపి, మళ్లీ దండం పెట్టి వెళ్లిపోయారు. ఆయనకు అర్థమైంది సగమే. పోనీలే, ఆ సగంతోనే అప్పుడు ముద్ర కూడా పడింది.